రాజమండ్రి నుంచి అంతర్వేది: ఒక్క రోజులో, పొలాల మీదుగా వెళ్లాలంటే ఎలా?

వలసపక్షి:
అందరికీ నమస్కారం. పుణేలో ఉంటాం. వచ్చే నెల మా పిన్ని కొడుకు పెళ్లికి రాజమండ్రి వస్తున్నాం. పెళ్లి అయ్యాక శనివారం గానీ సోమవారం గానీ ఒక రోజు మాది. అమ్మ పుట్టింది రాజోలు దగ్గర పల్లెటూళ్లో. పెళ్లయి వెళ్లిపోయాక అటు వచ్చింది రెండుమూడు సార్లే, అదీ తాతయ్య బతికున్నప్పుడు. ఇప్పుడు అంతర్వేది చూడాలంటోంది. అమ్మకు 71, మోకాళ్ల నొప్పులు. మా ఆవిడది హనుమకొండ, గోదావరి జిల్లాలు సినిమాల్లో చూడటమే. పాపకు తొమ్మిదేళ్లు, కారెక్కిన గంటకి "ఇంకెంత దూరం" మొదలవుతుంది.

మ్యాప్‌లో చూస్తే దాదాపు వంద కిలోమీటర్లు, మూడు గంటలు అంటోంది. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే మధ్యాహ్నానికి సముద్రం దగ్గర ఉంటాం కదా? దారిలో చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

టైర్_పంచర్:
వైజాగ్ నుంచి బైకు మీద రెండుసార్లు వెళ్లాను. హైవే మీద రావులపాలెం దాకా కొట్టేయండి, అక్కడ ఎడమకి తిరిగి అమలాపురం రోడ్డు, ఆ తర్వాత రాజోలు. మూడు గంటలే. మధ్యలో కొబ్బరిచెట్లు తప్ప ఏమీ లేవు బాస్. టైమంతా బీచ్‌కి పెట్టుకోండి.

లొల్ల_లాకు:
కొబ్బరిచెట్లు తప్ప ఏమీ లేవా? ఆయ్, బైకు మీద ఎనభైలో పోతే అంతే కనిపిస్తాయండి.

వలసపక్షి గారూ, మాది ఆత్రేయపురం మండలం. రెండు మాటలు చెప్తాను. ఒకటి, శనివారం వద్దు. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనంతో మా రోడ్లన్నీ నిండిపోతాయి. తెల్లవారుజాము నుంచే కార్లు, ఆటోలు, కాలినడకన వచ్చేవాళ్లు. మీ కారు కాలవ గట్టు మీద ఇరుక్కుంటే పాపకి సమాధానం చెప్పలేరు. సోమవారం పెట్టుకోండి.

రెండు, తొమ్మిదికి కాదు, ఐదున్నరకి బయల్దేరండి. మా ఊళ్ల అందం సూర్యుడు పైకి రాకముందే.

సీతాఫలం:
పులస ఎక్కడ దొరుకుతుంది అక్కడ? ధర ఎంతైనా పర్లేదు, నా తరఫున కూడా తినేసి రండి 😀

నర్సాపురం_రేవు:
సీతాఫలం గారు, ఫిబ్రవరిలో పులసా? అది వరద నీటికి ఎదురీదుకుంటూ సముద్రం నుంచి గోదాట్లోకి వస్తుంది. ఎర్రనీళ్లు రావాలి, అంటే జులై, ఆగస్టు. ఇప్పుడు ఎవరైనా పులస అని వండిపెడితే తినేది ఇంకో చేప అనుకోండి. ఈ కాలంలో పండుగప్ప అడగండి, చందువా అడగండి.

లొల్ల_లాకు:
దారి చెప్తాను. హైవే ఎక్కకుండా ధవళేశ్వరం మీదుగా రండి. బ్యారేజీ దాటేటప్పుడు నెమ్మదిగా పోనివ్వమనండి డ్రైవరుని. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట ఇక్కడే. ఇప్పుడు మీరు దాటేది దాని స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీ, 175 గేట్లు. పాపని లెక్కపెట్టమనండి, అరగంట ప్రశ్నలుండవు.

ఇక్కడినుంచి గోదారి చీలిపోతుంది. ఎడమకి గౌతమి, కుడికి వశిష్ఠ. రెంటి మధ్యలో ఉన్న ముక్కే కోనసీమ. మీరు రోజంతా తిరిగేది ఆ ముక్కలోనే. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలవ మొదలవుతుంది. ఆ కాలవ పక్కనే రోడ్డు. లొల్ల లాకుల దగ్గర ఆగండి. పూర్వం పడవలు నడిచిన రోజుల్లో కాలవ నీళ్ల మట్టం మారేచోట పడవని ఎత్తడానికి, దించడానికి కట్టినవి. పొద్దున్నే నీళ్ల మీద పొగమంచు లేస్తుంటుంది. ఎన్ని సినిమాలు తీశారో లెక్కలేదు, మీ ఆవిడ గుర్తుపట్టేస్తారు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొట్లో కొనకండి, చేసే ఇంటికి వెళ్లండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో తడిపిన గుడ్డ. గుడ్డని రెండు చేతుల్తో పరిచి కుండ మీద ఇలా ఒక్కసారి లాగుతారు. చుయ్ మంటుంది, అంతే, రేకు వచ్చేస్తుంది. లాగడం ఒక్క క్షణం నెమ్మదైతే మందమైపోతుంది, వేగమైతే చిల్లులు. మా అత్త నలభై ఏళ్లుగా చేస్తోంది. కుండ వేడి ఎంతుండాలి అని అడిగితే "చెయ్యికి తెలుస్తుంది" అంటుంది తప్ప ఇంకో ముక్క చెప్పదు. 2023లో దీనికి జీఐ, అంటే ఈ ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అత్త కూలి మాత్రం అంతే ఉందనుకోండి.

టైర్_పంచర్:
అయితే కడియం నర్సరీలు పోతాయిగా? అవి హైవే వైపు. పిల్లలకి అవే బాగుంటాయి.

కొబ్బరాకు:
కడియపులంక వచ్చేటప్పుడు చూసుకోవచ్చు, తిరుగు దారిలోనే పడుతుంది. లొల్ల లాకు గారు చెప్పినట్టే రండి. నేను అంబాజీపేట వాణ్ణి, కొబ్బరి వ్యాపారం. నా మాటా ఒకటి వినండి.

రావులపాలెం అరటి మార్కెట్టుకి ఎండ ఎక్కకముందే చేరాలి. అరటి చల్లపూట సరుకు. లంకల్లోంచి రైతులు గెలలు సైకిళ్ల మీద తెస్తారు. సైకిల్ కనపడదు, గెలలే నడిచొస్తున్నట్టుంటుంది. హ్యాండిల్ పట్టుకుని పక్కన నడుస్తుంటాడు మనిషి. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత. ఇక్కణ్ణుంచి లారీలు ఒడిశా, బీహార్ దాకా పోతాయి. పదిన్నరకి వెళ్తే ఆకులూ బొందలూ తొక్కుకుంటూ ఖాళీ యార్డు చూసి రావాలి. అందుకే చెప్తున్నా, ఈ ప్రయాణానికి టైం పెట్టేది సముద్రం కాదు, మార్కెట్టు. సముద్రం సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

అక్కణ్ణుంచి కొత్తపేట, పలివెల మీదుగా మా ఊరు. పలివెలలో ఉమా కొప్పేశ్వరస్వామి గుడి ఉంది, శివుడికి కొప్పు ఉండటం అక్కడే చూస్తారు. పది నిమిషాలు చాలు. మా ఊళ్లో టిఫిన్ చేయండి. పొట్టిక్కలు. పనసాకులతో బుట్ట కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. ఆకు వాసన ఇడ్లీకి పడుతుంది. తొమ్మిది దాటితే అయిపోతాయి, ఆ తర్వాత మామూలు ఇడ్లీయే గతి.

వలసపక్షి:
అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. పొట్టిక్కలు అనగానే నవ్వింది. ఇంకో మాట అంటోంది: "పేపర్లో అంబాజీపేట మార్కెట్ ధరల్లో గండేరా, గటగట అని వేసేవాళ్లు, అవి ఇంకా ఉన్నాయా అడుగు." అవేంటండీ?

కొబ్బరాకు:
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఉన్నాయి, ఇప్పటికీ పేపర్లో అలాగే వేస్తారు. కురిడీ కాయలో రకాలవి. కొబ్బరికాయని దింపించాక అటక మీద నెలల తరబడి వదిలేస్తే లోపల నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి ఎండి, చిప్ప నుంచి విడిపోయి గుండులా అవుతుంది. అదే కురిడీ. గండేరా రకానికి ధర ఎక్కువ, గటగటకి తక్కువ. అన్నీ వెయ్యి కాయల లెక్కనే. పాత నీటికాయని ముక్కుడు అంటాం. ఈ భాష బయటివాళ్లకి అర్థం కాదు. అర్థమైతే మాకు బేరంలో కష్టం!

డ్రెయిన్_పక్కిల్లు:
మాది మలికిపురం మండలం. అందరూ అందమైన కోనసీమే చెప్తున్నారు, చెప్పండి, తప్పు లేదు. రాజోలు దాటాక కారు అద్దం కొంచెం దించి చూడండి. శంకరగుప్తం డ్రెయిన్ (పొలాల మురుగునీరు సముద్రంలోకి పోయే కాలవ) వైపు కొబ్బరిచెట్లు మొవ్వు లేకుండా, కరెంటు స్తంభాల్లా నిలబడి ఉంటాయి. పోటు వచ్చినప్పుడు సముద్రపు ఉప్పునీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని తోటల్లోకి వస్తోంది. చెట్టు ఒక్కరోజులో చావదు. ముందు కాయ చిన్నదవుతుంది, తర్వాత ఆకులు వాలిపోతాయి, తర్వాత తల ఊడి పడుతుంది. మా నాన్న 1996 నవంబరు తుపానులో పోయిన చెట్ల స్థానంలో మళ్లీ నాటిన తోట మాది. తుపాను కొట్టింది ఒక్క రాత్రి. ఇది ఏళ్ల తరబడి.

దాని మీద తెల్లదోమ. ఆకు మీద నల్లటి మసి పట్టినట్టు కనిపిస్తే అదే. అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లు దాన్ని తినే పురుగుల్ని పెంచి ఇస్తున్నారు, కొంత ఫలితం ఉంది. వరి లాభం లేదని కొంతమంది రొయ్యల చెరువులు తవ్వారు. 2011లో మా కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించి సాగు ఆపేసింది ఊరికే కాదు.

టూరు పాడు చేద్దామని కాదండి. చూడ్డానికి వస్తున్నారు కదా, ఇదీ చూడమని.

టైర్_పంచర్:
నిజమే, నేను ఆ చెట్లు చూశాను. పిడుగు పడిందేమో అనుకున్నా.

నర్సాపురం_రేవు:
తిరుగు దారి నేను చెప్తా. వచ్చిన దారినే వెనక్కి పోకండి. సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు (బండ్లని కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కండి, వశిష్ఠ దాటితే నర్సాపురం. లేసు అల్లికల ఊరు. రేవు దగ్గరే కొట్లున్నాయి. అక్కణ్ణుంచి పాలకొల్లు, పంచారామాల్లో ఒకటైన క్షీరారామం. గుడికి వెళ్లే ఓపిక లేకపోతే దిబ్బరొట్టె తినే ఓపిక ఉంచుకోండి. సిద్ధాంతం వంతెన మీదుగా రావులపాలెం, జొన్నాడ, ఆ తర్వాత కడియపులంక. రెండు పాయలూ రెండోసారి దాటతారు.

పంటు చివరి ట్రిప్పు ఎప్పుడో పొద్దున్నే కనుక్కోండి. అదృష్టం మీద వదిలేయొద్దు.

లొల్ల_లాకు:
అంబాజీపేట తర్వాత పి.గన్నవరం అక్విడెక్టు మీదుగా వెళ్లండి. కింద వైనతేయ పాయ, దాని మీద నుంచి కాలవ దాటిపోవడం చూడొచ్చు. పాతది 19వ శతాబ్దం నాటిది, కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఆ పక్క లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన వాళ్లకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన మనిషి. అక్కణ్ణుంచి తాటిపాక, రాజోలు.

వలసపక్షి:
అందరికీ చాలా థ్యాంక్స్. సోమవారం ఖాయం, ఐదున్నర ఖాయం. వచ్చాక రాస్తాను.

(ఐదు వారాల తర్వాత)

వలసపక్షి:
వెళ్లొచ్చాం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ఐదున్నర అనుకుంటే ఆరుంబావు అయింది, పెళ్లింట్లో కాఫీ ఆలస్యం. బ్యారేజీ మీద పాప గేట్లు 63 దాకా లెక్కపెట్టి నిద్రపోయింది. లాకుల దగ్గర మంచు ఇంకా ఉంది. కాలవకి అటువైపు ఒకాయన గేదెని దించి దాని వీపు మీద నీళ్లు జల్లుతున్నాడు. చప్పుడు మాకు వినిపిస్తోంది, మనిషి సరిగా కనిపించడం లేదు. మా ఆవిడ ఫోన్ తీసి, మళ్లీ లోపల పెట్టేసుకుంది. దాళ్వా (రెండో పంట వరి) పైరు ఎంత పచ్చగా ఉందంటే, ఆవిడ "ఇంత నీళ్లా" అని మూడుసార్లు అంది. వాళ్ల వైపు చెరువు నిండితేనే పంట అంట, నిండిన సంవత్సరం వాళ్ల నాన్న మొహమే వేరుగా ఉండేదట.

లొల్ల లాకు గారూ, మీరు చెప్పిన గుడ్డ లాగే పని మా పాప కూడా చేసింది. మూడు రేకులు చింపింది. అక్కడున్న పెద్దావిడ చిరిగిన ముక్కల్లోనే నెయ్యి, బెల్లం పొడి వేసి చుట్టి ఇచ్చింది. అదే బాగుందంటోంది పాప.

రావులపాలెం ఎనిమిదిన్నరకి. కొబ్బరాకు గారన్నట్టు గెలలు నడిచొస్తున్నాయి, కాకపోతే ఇప్పుడు ఆటోలూ ఎక్కువే. ఒక రైతు మమ్మల్ని చూసి, కొనేవాళ్లం కాదని తెలిసి కూడా, రెండు చక్కెరకేళీలు పాప చేతిలో పెట్టాడు. ఆ తర్వాత వ్యాపారితో ఆయన పడ్డ గొడవ విన్నాం. గెలకి ఇంత అని మాటయ్యాక, కాయ సన్నంగా ఉందని తగ్గించమంటాడు వ్యాపారి. "పొద్దున సన్నం కాలేదా?" అని రైతు. ఎవరు గెలిచారో తెలీదు. మేము కదిలేసరికి గెలలు మాత్రం లారీ ఎక్కుతున్నాయి.

పొట్టిక్కలు దొరకలేదు. తొమ్మిదిన్నర అయిపోయింది. అమ్మ మొహం చూసి హోటలాయన "రేపు రండమ్మా, తీసి పెడతాను" అన్నాడు. రేపు మేము పుణే రైల్లో.

కొబ్బరి యార్డులో అమ్మ కారు దిగింది. గుట్టలోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టి ఊపి, "ఇది నీటికాయ, దీన్ని కురిడీల్లో ఎందుకు వేశారు" అని అక్కడి కుర్రాణ్ణి అడిగింది. కుర్రాడు తీసుకుని ఊపి చూసి, పక్కకి విసిరేసి, "ఎవరండీ మీరు?" అన్నాడు. కుట్టు మిషన్ దగ్గర కూర్చోవడం తప్ప అమ్మ చేసిన పని నేను చూసింది లేదు. తాతయ్య ఇంట్లో అటక మీద కాయలు తిప్పడం చిన్నప్పుడు ఆవిడ పనట. నాకిప్పుడు తెలిసింది.

ఇక్కడ మీ ప్లాను మార్చాం, లొల్ల లాకు గారు తిట్టుకోకండి. అక్విడెక్టు వదిలేసి అమలాపురం, బోడసకుర్రు మీదుగా వెళ్లాం. అమ్మ పట్టుబట్టింది. వంతెన లేని రోజుల్లో ఆ రేవు పడవలో దాటేవాళ్లట. వంతెన మొదట్లో ఆపమంది. దిగలేదు, కిటికీలోంచే చూసింది. "రేవు అటుండేది" అని చెయ్యి చూపించింది. అక్కడ చెట్లున్నాయి.

మధ్యాహ్నం అంతర్వేది. ముందే కనుక్కున్నాం కాబట్టి దర్శనం అయింది. స్వామి పడమటికి తిరిగి ఉంటాడని అమ్మ పాపకి చెప్తోంది. కోపనాతి కృష్ణమ్మ గారు కట్టించిన గుడి. 2020లో కాలిపోయిన రథం బదులు మరుసటి ఏడే చేయించిన కొత్త రథమూ చూశాం. భీష్మ ఏకాదశి ఉత్సవాలు అయిపోయి చాలా రోజులైంది కాబట్టి జనం లేరు, ఇసుకలో కొబ్బరి చిప్పలు మాత్రం మిగిలాయి.

గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా అమ్మ నడవలేనంది. లైట్‌హౌస్ దగ్గర చెట్టునీడన కూర్చుంది. మేం ముగ్గురం వెళ్లాం. గోదారి నీళ్లు ఒక రంగు, సముద్రం ఇంకో రంగు, మధ్యలో గీత కదులుతూ ఉంది. దిగొద్దని అక్కడి జాలరి గట్టిగా చెప్పాడు, లోపల లాగుడు ఎక్కువట. పాదాలు తడుపుకుని వచ్చేశాం. నిజం చెప్పాలంటే సముద్రం దగ్గర ఉన్నది నలభై నిమిషాలే.

ఇక ఘోరం. అంతర్వేది నుంచి సఖినేటిపల్లి వెళ్లడానికి ఫోన్ మ్యాప్ ఏదో దగ్గరి దారి చూపించింది. అది డ్రెయిన్ గట్టు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క రొయ్యల చెరువు, మధ్యలో మా కారు, ఎదురుగా కొబ్బరి డొక్కల ట్రాక్టరు. వెనక్కి తిప్పే చోటు లేదు. రెండొందల మీటర్లు రివర్స్. నేను చెమటలు కక్కుతున్నా, వెనక సీట్లోంచి అమ్మ "కుడికి, కుడికి" అంటోంది. ఆవిడ కుడి నాకు ఎడమో కుడో తెలియడం లేదు. చివరికి ట్రాక్టరు కుర్రాడే దిగి వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఈ దారి ఎవరు చెప్పారండీ" అన్నాడు. ఫోన్ చూపించాను. "దాన్ని డ్రెయిన్లో పారేయండి" అన్నాడు.

డ్రెయిన్_పక్కిల్లు:
ఆ గట్టు నాకు తెలుసు. వారానికొక కారు ఇరుక్కుంటుంది. బోర్డు పెట్టమని అడుగుతూనే ఉన్నాం. మొవ్వు లేని చెట్లు చూశారా?

వలసపక్షి:
చూశామండి. పాప అడిగింది, ఆ చెట్లకి జుట్టేదీ అని. అమ్మ ఏమీ చెప్పలేదు. వాళ్ల ఊరి వైపు కూడా అలాంటివి కొన్ని కనిపించాయి. ఊళ్లోకి వెళ్దామా అంటే వద్దంది.

నర్సాపురం_రేవు:
పంటు దొరికిందా, ఆ గొడవలో?

వలసపక్షి:
దొరికింది, ముప్పావుగంట క్యూ. పంటు మీద కారు దిగి అందరం అంచున నిలబడ్డాం. రోజంతా "ఇంకెంత దూరం" అనని పాప, అక్కడ "అప్పుడే అయిపోయిందా" అంది. నర్సాపురంలో మా ఆవిడ లేసు టేబుల్ క్లాత్ కొంది. దిబ్బరొట్టె తిన్నాం, అడుగు మాడి పైన మెత్తగా, ఇంత లావు. క్షీరారామం గోపురం కారులోంచే దణ్ణం. కడియపులంక చేరేసరికి చీకటి, నర్సరీల లైట్లు మాత్రం చూశాం.

మధ్యాహ్నం భోజనం సంగతి రాయలేదు. రోడ్డు పక్క ఒక చోట చేపల పులుసు అడిగితే నిన్నటిది వేడి చేసి పెట్టారు. పేరు చెప్పను. చేపలు తినాలంటే ఎవరైనా తెలిసిన ఇంట్లోనే తినండి.

టైర్_పంచర్:
పసర్లపూడి దాటారు కదా, ఎవరూ చెప్పలేదా? 1995 జనవరిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయిన (గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని మంటలంటుకున్న) ఊరు. రెండు నెలలకి పైగా మండింది. మా మావయ్యది అటే, అప్పుడు రాత్రిళ్లు ఇంట్లో లైటు వేసేవాళ్లు కాదంట, బయట వెలుతురుకే పుస్తకం కనిపించేదట.

వలసపక్షి:
అమ్మ చెప్పింది! కాకపోతే ఆవిడకి గుర్తున్నది మంట కాదు, చప్పుడు. ఆ నెలలో తాతయ్యని చూడ్డానికి వచ్చిందట. మాట్లాడాలంటే అరవాల్సి వచ్చేదట.

సీతాఫలం:
పండుగప్ప తిన్నారా కనీసం?

కొబ్బరాకు:
పొట్టిక్కలు దొరకలేదంటే నాకు సిగ్గుగా ఉంది. ముందే ఫోన్ చేసుంటే తీసి పెట్టించేవాణ్ణి. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. అమ్మగారు పక్కన పెట్టించిన ఆ నీటికాయ ఏ యార్డులో? తూర్పువైపు రేకుల షెడ్డా, రోడ్డు మీదదా?

వలసపక్షి:
రేకుల షెడ్డే. ఎందుకండీ?

కొబ్బరాకు:
అది మాదే. ఆ కుర్రాడు నా మేనల్లుడు. "ఎవరో పుణే ఆవిడ వచ్చి కాయ పట్టేసింది మావయ్యా" అని ఆ సాయంత్రమే చెప్పాడు. మిగతా గుట్టంతా మళ్లీ ఊపి చూశాం. ఇంకో పదకొండు దొరికాయి.